కలివి కోడికి కావలసిన ఖాళీ జాగా

కలివి కోడి అనే పేరులో కోడి ఉన్నా, కోడి జాతితో ఆ పిట్టకు ఏ చుట్టరికమూ లేదు. తీతువులు, ఉల్లంకులు చేరే పెద్ద వర్గంలో, నేల మీద పరుగులు తీస్తూ పురుగులను ఏరుకు తినే ఒక చిన్న కుటుంబానికి చెందిన పక్షి అది. ముక్కు కొన నుంచి తోక చివరి దాకా కొలిస్తే సుమారు 27 సెంటీమీటర్లు, అంటే చేలగట్ల మీద కనిపించే కౌజు పిట్ట కంటే కాస్త చిన్నది. నిటారుగా నిలబడితే మాత్రం సన్నని పొడుగాటి కాళ్ల వల్ల ఉన్నదానికంటే పెద్దదిగా అనిపిస్తుంది. వీపంతా మట్టి రంగు. గొంతు మీద ఇటుక రంగు మచ్చ, దాని కింద రొమ్ముకు అడ్డంగా రెండు గోధుమ రంగు పట్టీలు, ఆ రెంటి నడుమ తెల్లని పట్టీ, కంటి పైన వెడల్పాటి లేత రంగు చార, మొదట్లో పసుపుగా ఉండి కొసన నల్లబారిన పొట్టి ముక్కు ఉంటాయి. తలకు మించినట్టు కనిపించే పెద్ద కళ్లు అది చీకట్లో మసలే జీవి అని చెప్పకనే చెబుతాయి. కడప జిల్లాలోని లంకమల కొండల పాదాల దగ్గర తప్ప ప్రపంచంలో మరెక్కడా ఈ పిట్టను ఈ కాలంలో నిలకడగా చూసినవారు లేరు.

పేరులో మొదటి సగమే ఈ పిట్టను అర్థం చేసుకోవడానికి అసలైన ఆధారం. కలివి అంటే రాయలసీమ మెట్ట నేలల్లో, గుట్టల వాలుల్లో దట్టంగా పెరిగే ముళ్ల పొద. తుంచితే పాలు కారుతుంది, మల్లెను పోలిన తెల్లని పూలు పూస్తుంది, దాని నల్లని పుల్లతీపి పండ్లను పశువుల కాపర్లు, బడి పిల్లలు కోసుకు తింటారు. ఊరగాయకు వాడే వాక్కాయ దీనికి దగ్గరి బంధువు. పొద నేలకు ఆనుకుని గుబురుగా ఉంటుంది కనుక పగలంతా నీడకూ దాపుకూ పనికొస్తుంది. చుట్టూ ఉన్న తుమ్మ, రేగు కంపలతో కలిసి ఈ పొదలు ఒక తీరైన చిట్టడవిని తయారు చేస్తాయి. ఇక్కడివారు పిట్టకు దాని రంగును బట్టి కాక, అది ఎక్కడ మసలుతుందో చూసి పేరు పెట్టారు. ఇంగ్లిషు పేరు మాత్రం దాన్ని శాస్త్రలోకానికి అందించిన థామస్ కావర్‌హిల్ జెర్డాన్ పేరు మీద వచ్చింది.

జెర్డాన్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో వైద్యుడు. మద్రాసు ప్రెసిడెన్సీలో, అందులోనూ నెల్లూరు ప్రాంతంలో కొంతకాలం పనిచేశాడు. ఆయన సేకరించిన నమూనా ఆధారంగా, కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యతలు చూస్తున్న ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో ఈ పక్షిని కొత్త జాతిగా వర్ణించాడు. తర్వాత తాను రాసిన భారతదేశపు పక్షుల గ్రంథంలో జెర్డాన్ దీనికి తెలుగువారు వాడే పేరుగా మరొక మాట రాసుకున్నాడు. ఇంగ్లిషు అక్షరాల్లో ఆయన కూడబలుక్కున్న ఆ మాటను తెలుగులోకి తిప్పి చదివితే ‘అడవి ఉత్త తిత్తి’ అవుతుంది, అంటే అడవిలోని ఖాళీ సంచి. ఎవరు, ఏ ఊళ్లో, ఏ ఉద్దేశంతో అలా పిలిచారో గాని, ఏమీ లేదనిపించే నేలలో ఏమీ లేనట్టే మసలే పిట్టకు ఆ పేరు వింతగా అతికింది. ఆ రోజుల్లో నెల్లూరు, కడప వైపే కాకుండా గోదావరి లోయలో భద్రాచలం, సిరొంచ పరిసరాల్లో కూడా ఈ పక్షిని చూసినట్టు ప్రకృతి శాస్త్రవేత్త విలియం బ్లాన్‌ఫర్డ్ వంటివారి రాతలు చెబుతున్నాయి. చివరిగా 1900లో అనంతపురం దగ్గర కనిపించిందని నమోదైంది. ఆ తర్వాత ఎనభై ఐదేళ్లకు పైగా ఒక్క నిదర్శనమూ లేదు.

ఆ మౌనానికి వెతికేవారు లేకపోవడం కారణం కాదు. 1930 ప్రాంతంలో తూర్పు కనుమల పక్షులను వరుసగా సర్వే చేసిన బృందానికి ఇది దొరకలేదు. 1970ల మధ్యలో ప్రత్యేకంగా దీని కోసమే జరిగిన వెతుకులాటలూ వట్టివే అయ్యాయి. పిట్ట అంతరించిపోయిందని నమ్మడానికి అది చాలనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే ఆ వెతుకులాటల్లోని లోపం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పక్షుల సర్వే అంటే తెల్లవారుజామున మొదలై ఎండెక్కేదాకా, మళ్లీ సాయంత్రం కొంతసేపు సాగే పని. రాత్రి మాత్రమే కదిలే పిట్ట ఆ వేళల్లో కలివి పొద కింద మట్టిలో మట్టిగా కూర్చుని ఉంటుంది, మనిషి అడుగు దూరాన పోయినా లేవదు. ఉదయపు సర్వేకు అది ఎదురుపడకపోవడం వల్ల ఆ సర్వే వేళ దానికి కుదరదని మాత్రమే తేలుతుంది.

1985లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ మొదలుపెట్టిన వెతుకులాట ఇక్కడే దారి మార్చింది. ఆయన ఊళ్లలో తిరిగి, అడవిలో రాత్రిపూట దీపం వెలుగులో చిన్న జంతువులనూ పిట్టలనూ పట్టుకోవడం వృత్తిగా ఉన్నవారికి బొమ్మలు చూపించి అడిగాడు. రెండు పట్టీల పిట్ట తమకు తెలుసునని చెప్పింది వాళ్లే. 1986 జనవరిలో, బద్వేలు ప్రాంతంలోని రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడి చేతికి బతికున్న కలివి కోడి చిక్కింది. ఎనభై తొమ్మిదేళ్ల వయసులో ఉన్న పక్షి శాస్త్రవేత్త సలీం అలీకి జీవితకాలపు ఎదురుచూపు తీరిన వార్త అది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశాడు. చెరలో ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు, దాని కళేబరం సొసైటీ సేకరణలో చేరింది. 1988లో లంకమల కొండల చుట్టూ సుమారు 464 చదరపు కిలోమీటర్ల మేర శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, అదే ఏడు ఈ పిట్ట బొమ్మతో తపాలా బిళ్ల కూడా వచ్చింది. తిరిగి దొరికింది అన్న మాట నగరంలోని శాస్త్రం వైపు నుంచి పుట్టిందని ఈ ఉదంతంలో గమనించాలి. రెడ్డిపల్లి వైపు రాత్రి వేటకు వెళ్లేవారికి అది ఎన్నడూ పోయినది కాదు.

దాని బంధువులు ఎక్కడున్నారో చూస్తే ఈ పిట్ట ఒంటరితనం ఇంకో మెట్టు పెరుగుతుంది. మన దేశంలో పగటిపూట దుక్కి చేలల్లో, బీళ్లలో గుంపులుగా పరుగెత్తే మరో జాతి పిట్ట ఇదే కుటుంబానిది. అయితే అది దూరపు చుట్టం. కలివి కోడికి దగ్గరివాళ్లు అందరూ ఆఫ్రికాలోని సవన్నా నేలల్లో ఉన్నారు, వాళ్లూ రాత్రి తిరుగుడుకు అలవాటు పడినవాళ్లే. ఆ శాఖ మొత్తంలో ఆసియా ఖండానికి మిగిలినది ఈ ఒక్క జాతే. గడ్డి, ముళ్ల చెట్లు, ఖాళీ నేల కలగలిసిన మెట్ట ప్రాంతాలు ఒకప్పుడు రెండు ఖండాల మధ్య ఇప్పటికంటే విస్తారంగా పరుచుకుని ఉండేవనీ, ఆ కాలపు శేషం లంకమల పాదాల దగ్గర నిలిచిందనీ భావించడానికి ఇది బలమైన సూచన.

1986 తర్వాత పదిహేనేళ్ల పాటు కలివి కోడి గురించిన సమాచారం చాలావరకు ‘ఫలానా రాత్రి దీపం వెలుగులో కనిపించింది’ అన్న స్థాయిలోనే ఉండిపోయింది. దీపం పట్టుకుని తిరగడం లెక్కకు పనికొచ్చే పద్ధతి కాదు. ముళ్ల పొదల మధ్య రాత్రి నడక నెమ్మదిగా సాగుతుంది. వెలుగు పడిన మేరే కనిపిస్తుంది. మనిషి అలికిడికి పిట్ట ముందే పొద చాటుకు పోవచ్చు. 2000 ప్రాంతం నుంచి పక్షి పరిశోధకులు పంచపకేశన్ జెగనాథన్, రీస్ గ్రీన్, అసద్ రహమానీ తదితరులు చేసిన పని ఈ చిక్కును రెండు వైపుల నుంచి విప్పింది.

మొదటిది అడుగుజాడల పద్ధతి. పొదల నడుమ దారుల్లో సన్నని మట్టిని జల్లించి పట్టీలుగా పరిచి, తెల్లవారి వచ్చి వాటి మీద పడిన గుర్తులను చదవడం దీని సారం. కలివి కోడి కాలికి వెనక వేలు ఉండదు, ముందు మూడు వేళ్ల గుర్తే పడుతుంది. అయితే ఆ నేలలోనే తిరిగే తీతువులు, రాత్రి సంచారులైన ఇతర నేల పిట్టలు కూడా అలాంటి గుర్తులే వేస్తాయి కనుక, వేళ్ల పొడవూ వాటి మధ్య కోణమూ కొలిచి ఏది ఏదో విడదీయడం నేర్చుకోవలసి వచ్చింది. అదే దారుల్లో, పిట్ట ముందుకు రాగానే దానంతటదే ఫొటో తీసే కెమెరాలు అమర్చి ఆ చదువును సరిచూసుకున్నారు. మనిషి లేని వేళ పిట్ట తన సంతకం తానే పెట్టి పోయే ఏర్పాటు ఇది. దీనికి కావలసినవి మట్టి, జల్లెడ, ఓపిక. వాన పడితే మాత్రం ఆ రాత్రి లెక్క చెరిగిపోతుంది.

రెండోది కూత. చిట్టడవిలో రాత్రి వినిపించే శబ్దాల్లో ఏది ఈ పిట్టదో అప్పటిదాకా తేలలేదు. తేలిన తర్వాత బయటపడిన విషయం మరీ ఆసక్తికరమైనది. రెండు అక్షరాల్లో ‘ట్విక్-టూ’ అన్నట్టు సాగే ఆ కూత పొద్దు గుంకిన సుమారు ముప్పావు గంటకు మొదలై, కొద్ది నిమిషాలు నడిచి ఆగిపోతుంది. ఒక పిట్ట మొదలుపెడితే దూరంగా ఉన్న మరొకటి అందుకుంటుంది. ఆ కాసేపు చెవి ఒగ్గి నిలబడినవారికి అది ఉందని తెలుస్తుంది. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినవారికి ఆ అడవి ఖాళీ. రికార్డు చేసిన కూతను అదే వేళకు వినిపించి జవాబు వస్తుందేమో చూడడం అప్పటి నుంచి సర్వేలకు ముఖ్య సాధనమైంది. ఎనభై ఐదేళ్ల మౌనం అని రికార్డుల్లో ఉన్న కాలమంతా, బహుశా ఈ కూత ప్రతి సాయంత్రమూ ఎక్కడో ఒకచోట మోగుతూనే ఉంది.

ఈ పద్ధతులు అందించిన వాటిలో అన్నిటికంటే విలువైనది పిట్టల సంఖ్య కాదు, పొదల లెక్క. ఎక్కడ అడుగుజాడలు పడ్డాయి, ఎక్కడ పడలేదు అన్నదాన్ని ఆయా చోట్ల పొదల సాంద్రతతో పోల్చి చూస్తే ఒక స్పష్టమైన ఆకృతి కనిపించింది. రెండు మీటర్లకు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండి, అంతకంటే చిన్న పొదలు వెయ్యికి లోపు ఉన్న చోట్ల కలివి కోడి ఉండే అవకాశం ఎక్కువ. హెక్టారంటే పదివేల చదరపు మీటర్లు కాబట్టి, ఈ అంకెలను నేల మీదికి దించితే ఒక పెద్ద పొదకూ మరొక పెద్ద పొదకూ నడుమ సగటున నాలుగు నుంచి ఆరు మీటర్ల ఎడం వస్తుంది. అంటే ఒక గేదె సులువుగా తిరగగలిగినంత, ఒక చిన్న పిట్ట పురుగు వెంట పరుగు తీసి మళ్లీ చాటుకు చేరగలిగినంత జాగా. ఎడం అంతకు మించితే నేల మైదానమవుతుంది, పగలు దాగడానికి నీడ ఉండదు, పైనుంచి చూసే వేటపక్షులకూ నేల మీద తిరిగే నక్కలకూ అడ్డు ఉండదు. ఎడం తగ్గి చిన్న పొదలు కమ్ముకుంటే పరుగుకు చోటు పోతుంది. పరుగే జీవనోపాధి అయిన పక్షికి అది ఆకలితో సమానం.

ఈ అంకెల్లోని విశేషం అవి మధ్యలో ఉండడమే. సాధారణంగా అరుదైన అడవి జీవి అనగానే మనిషి అడుగు పడని కీకారణ్యం మనసులో మెదులుతుంది. రక్షణ అంటే కంచె వేసి, మనుషులనూ పశువులనూ బయటికి పంపడమే అన్న ఆలోచన దాని వెంటే వస్తుంది. పొదల మధ్య నాలుగు నుంచి ఆరు మీటర్ల ఎడాన్ని ఎవరు కాపాడుతున్నారని అడిగితే జవాబు అంత సూటిగా రాదు. లంకమల పాదాల ఊళ్ల నుంచి గేదెలు, మేకలు తరతరాలుగా ఈ చిట్టడవిలోనే మేస్తున్నాయి. పొయ్యిలోకి కంప, కట్టెపుల్లలు ఇక్కడి నుంచే వస్తున్నాయి. పశువు నడిచిన చోట దారి పడుతుంది, మేక కొరికిన చోట చిన్న పొద ఎదగదు, కొట్టిన చోట నేల తెరుచుకుంటుంది. అతిగా మేపితే, అతిగా కొడితే పెద్ద పొదలే మాయమై నేల బోడి అవుతుందన్నదీ అంతే నిజం. మేపు, నరుకు ఒక మోతాదులో ఉన్నంతకాలం ఈ పిట్టకు కావలసిన నేల దానంతటదే తయారవుతూ వచ్చిందని పొదల లెక్క సూచిస్తోంది. అందుకే ఇక్కడ రక్షణ చర్యను గీటు గీసి వదిలేసే పనిగా చూడడం చాలదు. గొడ్లు ఎన్ని, ఏ కాలంలో, ఏ వైపు అన్న వ్యవహారంగా చూడాలి. ఆ వ్యవహారం తెలిసినవారు అటవీ కార్యాలయంలో కంటే ఊళ్లోనే ఎక్కువగా ఉంటారు.

ఇలాంటి నేలకు ప్రభుత్వ కాగితాల్లో గౌరవప్రదమైన పేరు లేదు. ఊరి లెక్కల్లో బంజరు, పోరంబోకు. దేశం లెక్కల్లో ఏకంగా వ్యర్థభూమి. కేంద్ర భూ వనరుల విభాగం, హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రంతో కలిసి ఉపగ్రహ చిత్రాల ఆధారంగా వెలువరించే వ్యర్థభూముల అట్లాసులో దట్టమైన పొదలున్న నేల, పలుచని పొదలున్న నేల అనేవి వ్యర్థభూమి కింద లెక్కించే రకాలు. కలివి కోడి ఇల్లు సరిగ్గా ఆ రెండు గళ్ల సరిహద్దు మీద ఉంది. వర్గీకరణ వల్ల వెంటనే ఏ పొదా కూలదు, నిజమే. అయితే పరిశ్రమకు చోటు కావాలన్నా, సౌర ఫలకాలకు కావాలన్నా, పంచిపెట్టడానికి కావాలన్నా, చివరికి మరోచోట పోయిన అడవికి బదులుగా మొక్కలు నాటడానికి కావాలన్నా మొదట వెతికేది ఆ పట్టికల్లోనే. చెట్లు నాటడం కూడా ఈ పిట్టకు హాని చేయగల పని అన్నది వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని, నాలుగు మీటర్ల ఎడంలో వరుసగా నీలగిరి మొక్కలు నిలబెడితే జరిగేది అదే. ఉపగ్రహ చిత్రాలను పోల్చి చేసిన ఒక పరిశీలనలో 1991కీ 2000కీ మధ్య ఈ ప్రాంతపు చిట్టడవి 11 నుంచి 15 శాతం తగ్గిందని, అదే కాలంలో సాగు విస్తీర్ణం రెట్టింపును దాటిందని తేలింది. తొమ్మిదేళ్లలో అంత మార్పు అంటే, రాత్రి దీపాలతో పిట్టను వెతుకుతున్న కాలంలోనే దాని నేల కాళ్ల కింద నుంచి జారిపోతోందన్నమాట.

సాగు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు మోపడానికి దొరికే ముఖం లేదు. కరువు ఎరిగిన సీమలో నీరు పారే కాలువ ఎంత పెద్ద ఆశో విడమరచి చెప్పనక్కరలేదు. కృష్ణా జలాలను శ్రీశైలం నుంచి రాయలసీమ, నెల్లూరుల మీదుగా చెన్నై తాగునీటికి చేర్చే తెలుగు గంగ పథకం దారిలోని పొలాలకు కూడా నీరిస్తుంది. దాని కాలువల్లో ఒకటి లంకమల అభయారణ్యాన్ని ఒరుసుకుంటూ, కలివి కోడి జాడలు దొరికిన పొదల మీదుగా వెళ్లేలా గీశారు. 2005లో యంత్రాలు ఆ పొదలను దున్నడం మొదలుపెట్టిన సంగతి అక్కడ పనిచేస్తున్న పరిశోధకుల కంటపడింది. విషయం అటవీ శాఖ ద్వారా, ఆపై సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది. పని ఆగింది, కాలువ దారి మార్చారు, పిట్ట కోసం అభయారణ్యానికి ఆనుకుని ఉన్న వెయ్యి హెక్టార్లకు పైగా నేలను సేకరించాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఒక చిన్న నేల పిట్ట కోసం ఒక పెద్ద నీటి పథకం పక్కకు జరగడం మన దగ్గర అరుదైన సంగతి. నిజానికి అక్కడ వాదనకు బలమిచ్చింది జాలి కాదు, మట్టి పట్టీల మీద పడిన అడుగుజాడలు. ఫలానా పొదల్లో పిట్ట ఉంది అని తేదీతో సహా చూపించగలిగిన కాగితం లేకపోతే ఆ నేలకు మిగిలేది వ్యర్థభూమి అన్న పాత పేరే.

కాలువ దారి మారినా నీరు తెచ్చే మార్పు ఆగదు. కాలువ పక్క నేలకు ధర వస్తుంది, నిమ్మ తోట వస్తుంది, తోటకు కంచె వస్తుంది, తోట వల్ల మేత తగ్గిన పశువులు మిగిలిన పొదల మీదికే మళ్లుతాయి. ఇక్కడికి ఎంతో దూరం లేని కర్నూలు వైపు, నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు గడ్డి నేలలు ఇదే పాఠాన్ని మరో పిట్ట విషయంలో చూపించాయి. 1980లలో బట్టమేక పిట్టకు పేరుమోసిన ఆ చోటు అభయారణ్యమైన తర్వాత కూడా చుట్టూ సాగు తీరు మారడంతో, గీత లోపల గడ్డి ఉన్నా పిట్ట నిలవలేదు. నేల పిట్టలకు అభయారణ్యపు సరిహద్దు రాళ్లు తెలియవు, చుట్టూ ఉన్న మెట్ట కూడా వాటి ఇంట్లో భాగమే. కలివి కోడి జాడలు దొరికిన ముఖ్యమైన చోట్లలో కొన్ని అభయారణ్యం అంచున, అంచు బయట ఉండడం ఈ కారణంగా ఆలోచించదగినది.

గతంలో ఈ పిట్ట ఎంత దూరం పరుచుకుని ఉండేదో తెలిపే ఒక ఆధారం ఊహించని చోట దొరికింది. స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర మ్యూజియంలో, ఒక పాత బడి నుంచి వచ్చిన గుడ్ల సేకరణలో కలివి కోడి పేరుతో ఒక గుడ్డు ఉంది. దాన్ని 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో పశువైద్యుడిగా పనిచేసిన ఎర్నెస్ట్ మీటన్ సేకరించాడు. పేరు నిజమో కాదో తేల్చడానికి పెంకు లోపలి పొర నుంచి తీసిన జన్యు పదార్థాన్ని మ్యూజియం నమూనాల కాలి చర్మంతో పోల్చారు, 2013లో అది కలివి కోడి గుడ్డేనని తేలింది. ప్రపంచంలో ఈ జాతిదని రుజువైన గుడ్డు అదొక్కటే. దీనివల్ల 1900 తర్వాత కూడా పదిహేడేళ్లకు పిట్ట ఉన్నట్టు, అదీ నేటి కర్ణాటక సరిహద్దు లోపల ఉన్నట్టు తెలుస్తుంది. అనంతపురం, కోలారు, కడప, నెల్లూరులను కలిపి గీత గీస్తే వచ్చే విశాలమైన మెట్ట అంతా ఒకప్పుడు దాని పరిధి అయి ఉండవచ్చు. గోదావరి లోయ దానికి అదనం.

ఇప్పటి పరిస్థితి ఏమిటన్న ప్రశ్న దగ్గర జాగ్రత్త అవసరం. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతిని అంతరించే ప్రమాదం తీవ్రాతితీవ్రంగా ఉన్నవాటిలో చేర్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ దీనికి ఉంది. ఎదిగిన పిట్టల సంఖ్య 50కీ 249కీ మధ్య ఉండవచ్చన్న అంచనా చాలాకాలంగా చెలామణిలో ఉంది. 2009 ప్రాంతం తర్వాత నమ్మదగిన జాడ లేక, 2021లో ప్రపంచవ్యాప్తంగా వెతకవలసిన పది ‘తప్పిపోయిన’ పక్షుల జాబితాలోకి కలివి కోడి మళ్లీ చేరింది. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోని చిట్టడవిలో రాత్రివేళ దాని కూత విని, రికార్డు చేశామని పక్షి పరిశీలకుల బృందం ఒకటి ప్రకటించడంతో కథ మరోసారి మలుపు తిరిగింది. ఈసారి కూడా ముందుగా పట్టిచ్చింది కూతే, పిట్ట రూపం కాదు.

నడుమ గడిచిన పదహారేళ్ల మౌనాన్ని ఎలా చదవాలన్నది చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక చోట పిట్ట ఉండి, మూడు సాయంత్రాల్లో ఒకసారి మాత్రమే కూస్తుందని ఉదాహరణకు అనుకుందాం. వరసగా ఐదు సాయంత్రాలు అక్కడ నిలబడి ఏమీ వినకపోయినా, పిట్ట ఉండి కూడా కూయకపోయే అవకాశం ఎనిమిదింట ఒక వంతు మిగిలే ఉంటుంది. రెండు సాయంత్రాలే నిలబడితే ఆ అవకాశం దాదాపు సగం. చిట్టడవి విస్తీర్ణాన్నీ, రోజుకు దక్కే కొద్ది నిమిషాలనూ ఈ లెక్కలో కలిపితే, ‘లేదు’ అనడానికి ఎన్ని వందల సాయంత్రాలు కావాలో అర్థమవుతుంది. రాత్రంతా తమంతట తాము శబ్దం నమోదు చేసుకునే పరికరాలను పొదల్లో ఉంచి, ఆ రికార్డుల్లో రెండక్షరాల కూతను కంప్యూటర్లతో వెతికించే పద్ధతి ఇప్పుడు అందుబాటులో ఉంది గనుక ఈ భారం కొంత తగ్గుతుంది. ఆ పరికరాలను ఎక్కడ ఉంచాలో చెప్పడానికి పొదల లెక్కే మళ్లీ ఆధారం. నాలుగు నుంచి ఆరు మీటర్ల ఎడం ఉన్న చిట్టడవులు కడప, నెల్లూరు, అనంతపురం జిల్లాల్లో ఎక్కడెక్కడ మిగిలాయో ఉపగ్రహ చిత్రాల నుంచి ముందే గుర్తించవచ్చు. వ్యర్థభూముల పటాన్ని ఆ పనికి వాడుకుంటే దాని పేరు తప్ప మిగతాదంతా పనికొస్తుంది.

మిగిలిన అడ్డంకి పిట్టకు సంబంధించినది కాదు. లంకమల, దాని చుట్టూ ఉన్న శేషాచలం, వెలికొండ, పాలకొండ కొండలు ఎర్రచందనానికి పుట్టిల్లు. దొంగరవాణా వల్ల ఈ అడవుల్లో పొద్దు గుంకాక ఎవరు కదిలినా అనుమానమే. గస్తీ సిబ్బందికి ప్రాణభయం, ఊరివాళ్లకు కేసుల భయం. ఒకప్పుడు కలివి కోడి జాడను శాస్త్రానికి అందించిన రాత్రి నడకలు అందువల్లనే దాదాపు ఆగిపోయాయి. పరిశోధకులు అడవిలో ఉండవలసినది పొద్దు గుంకిన ముప్పావు గంట తర్వాత, అనుమతి పత్రాలు చాలాసార్లు పొద్దు గుంకేలోగా బయటికి రావాలని అడిగేదీ ఆ అడవి నుంచే. దాని గూడు ఎలా ఉంటుందో, ఏ నెలలో గుడ్లు పెడుతుందో, పిల్లలు ఏ పొద కింద పెరుగుతాయో ఈ కాలంలో చూసి రాసినవారు ఇంకా లేరు.